పదమూడో ఫైలు

ఆ వేసవిలో మా ఇంట్లో భయం లేని మనిషి నాన్న ఒక్కడే. ఆయనకి సంగతి తెలియదు గనక.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. అమ్మ యూనివర్సిటీ పరిపాలనా భవనంలో ఊడ్చి తుడిచే పని చేసేది. అక్కడి ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మనిషి. పొద్దున్నే ఆరింటికి వెళ్ళి, పధ్నాలుగు గదులు, రెండు పొడుగాటి వరండాలు, మెట్లు తుడిచి, మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరేది. నాకు అదే యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఆ సీటు నిలబడాలంటే నాకున్న దారి ఒక్కటే. అక్కడ చదివి వెళ్ళినవాళ్ళంతా కలిసి పెట్టుకున్న పూర్వ విద్యార్థుల సంఘం ఒకటుంది. కొత్తగా చేరబోయేవాళ్ళలో నలుగురికి ఏటా వాళ్ళు స్కాలర్‌షిప్పు ఇస్తారు. అది వస్తే చదువు పూర్తయ్యేదాకా అన్నీ వాళ్ళే చూసుకుంటారు. రాకపోతే జులై పదిహేనున నా సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

దరఖాస్తు తొమ్మిది పేజీలు. వంటగదిలో మడత బల్ల వేసుకుని నాలుగు రోజులు నింపాను. తప్పు పోతుందేమోనని ముందు పెన్సిల్‌తో రాసుకుని, దాని మీద పెన్నుతో దిద్ది, ఆరాక రబ్బరుతో చెరిపాను. నాన్న డ్యూటీ దిగి వచ్చి, షర్టు గుండీలు విప్పుకుంటూ నా భుజం మీద నుంచి తొంగి చూసేవాడు.

"ఈ విశ్వవిద్యాలయంలోనే ఎందుకు చదవాలనుకుంటున్నారు? రెండు పేజీలకు మించకుండా వివరించండి" అని పైకి చదివాను.

"దానికి రెండు పేజీలెందుకే? మా నాన్న బస్సు గేటు దాకా వెళ్తుంది, దిగితే క్లాసే అని రాయి. ఒక్క ముక్కలో అయిపోతుంది."

"నాన్నా!"

"కాదా మరి? పదేళ్ళుగా ఆ గేటు దగ్గర పిల్లల్ని దింపుతున్నా. ఒక్కడు నవ్వుతూ దిగితే ఒట్టు. నువ్వైనా నవ్వుతూ దిగు, అమ్మడూ."

తల్లి వృత్తి అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరగకుండానే, "గృహిణి అని రాయి" అంది.

"అదేంటమ్మా, అబద్ధం కదా."

"ఆ కాగితాలు పెట్టే గది నేను తుడిచేదే. పేరు చూసి, ఓహో లోపల మనిషి కూతురా, ఎవరితో చెప్పించుకుందో అని పక్కన పడేస్తే? అయినా ఇంటి పని నేను చెయ్యట్లేదా ఏం? అబద్ధమెలా అవుతుంది?"

గృహిణి అని రాశాను. అమ్మ చేతికివ్వకుండా నేనే పోస్టాఫీసుకి వెళ్ళి రిజిస్టరు చేసి పంపాను. రసీదు పుస్తకంలో పెట్టుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అమ్మ వచ్చి, చెప్పులు విప్పకుండా గడప మీదే కూర్చుండిపోయింది. వేడికి కళ్ళు తిరిగాయేమోనని మంచినీళ్ళు తెచ్చాను. గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"నీ ఫైలు చూశానే" అంది.

సంఘం పనులు చూసే గుమస్తా ఒకావిడ ఉంది. ఆవిడ స్టాంపు వేస్తే కింది అంతస్తులో కిటికీలు అదురుతాయని అమ్మ నవ్వుతూ చెప్పేది. అందుకే మా ఇంట్లో ఆవిడ పేరు స్టాంపు మేడం. ఆ పొద్దున్న ఆవిడింకా రాకముందు అమ్మ ఆ గది తుడవడానికి వెళ్ళింది. బల్ల మీద రెండు కట్టలున్నాయి. ఒకదాని మీద పచ్చ చీటీ, ఇంకోదాని మీద ఎర్ర చీటీ.

"పచ్చది పల్చగా ఉంది. ఎర్రది ఇంతెత్తు. బల్ల తుడవాలంటే ఎత్తాలి కదా. ఎర్ర కట్ట ఎత్తేసరికి పైనే నీ ఫొటో. నాకేసే చూస్తున్నావు."

"చీటీ మీద ఏముంది?"

"తిరస్కరణ అని ఉంది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను."

నేనూ పక్కనే కూలబడ్డాను. అయిపోయిందనుకున్నాను. కానీ అమ్మ చెప్పడం ఇంకా అవలేదు.

"తీసి పచ్చ కట్టలో పెట్టాను" అంది. "మధ్యలో దూర్చాను."

ఎందుకు చేశావని అడగాలి ఎవరైనా. నేను అడిగింది అది కాదు. "ఎవరైనా చూశారా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత తొందరగా ఎలా వచ్చిందా అని తర్వాత చాలాకాలం ఆలోచించాను.

"లేదు. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయిందే. నన్నడిగి వెళ్ళలేదు."

"రేపు వెళ్ళి మళ్ళీ ఎర్ర కట్టలో పెట్టేసెయ్యమ్మా. నీ పని పోతుంది. నన్ను ఇంకెక్కడా చేర్చుకోరు."

తలూపింది. మర్నాడు వెళ్ళేసరికి బల్ల ఖాళీ. కట్టలు రెండూ ఇనప బీరువాలోకి వెళ్ళిపోయాయి. తాళంచెవి స్టాంపు మేడం సంచిలో ఉంటుంది.

"నాన్నకి చెప్దామా?" అన్నాను.

"వద్దు" అంది అమ్మ. "ఆయన కడుపులో మాట దాగదు. ఎక్కిన ప్రయాణికుడికల్లా చెప్తారు."

అలా నాన్న తప్ప ఇద్దరం భయంతో కాపురం మొదలుపెట్టాం. వీధిలో సైకిలు ఆగితే ఉలిక్కిపడేదాన్ని. పోస్ట్‌మాన్ పక్కింటి తలుపు కొట్టినా కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఒకరోజు అమ్మ రెండింటికి రాలేదు. రెండున్నరైంది. మూడైంది. గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బీరువా తెరిచి ఉంటారు, లెక్క తేడా వచ్చి ఉంటుంది, అమ్మని ఏదో గదిలో నిలబెట్టి అడుగుతుంటారు. ఆవిడ చేతిలో తడిబట్ట ఉంటుంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉంటుంది. ఇదంతా కళ్ళముందు జరుగుతున్నట్టే చూశాను. నాలుగు కొట్టాక అమ్మ వచ్చింది.

"కొత్త యూనిఫాం ఇస్తారట. కొలతలకి అందర్నీ నిలబెట్టేశారు" అంది. "మా సూపర్‌వైజరు రమ్మని పిలవగానే, ఇంక అయిపోయిందనుకున్నానే. ఆయన టేపు తీసేసరికి నాకు నవ్వాగలేదు. మెంటల్ దాన్ననుకుని ఉంటాడు."

ఇద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత నేను స్నానాలగదిలోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

జూన్ చివర్లో ఉత్తరం వచ్చింది. దాన్ని చింపింది నాన్న. "ఇంటర్వ్యూకి హాజరు కావలసిందిగా కోరుతున్నాము" అన్న వాక్యం మూడు గొంతులతో మూడుసార్లు చదివాడు. నేను ఏడ్చాను. ఆనందబాష్పాలనుకుని ఆయనా కళ్ళు తుడుచుకున్నాడు. సాయంత్రానికల్లా డిపోలో అందరికీ తెలిసిపోయింది. మెకానిక్కులు కూడా నాకు దీవెనలు పంపారట.

ఆ వారమంతా నాన్న నాకు ఇంటర్వ్యూ చెయ్యడం మొదలుపెట్టాడు. డ్యూటీ టోపీ పెట్టుకుని, మడత బల్లకి అటువైపు కూర్చుని, గొంతు సవరించుకునేవాడు.

"చెప్పండి అమ్మాయిగారూ. మిమ్మల్ని చూస్తే భయపడుతున్నట్టున్నారే?"

"అవునండి, కొంచెం."

"భయమెందుకండీ? తప్పు చేసినవాళ్ళు కదా భయపడాల్సింది?"

పొయ్యి దగ్గర అమ్మ చేతిలోంచి గరిటె జారి కిందపడింది. నాన్న అటు తిరిగి, "చూశావా, మీ అమ్మకి కూడా నన్ను చూస్తే దడ. పెద్ద ఆఫీసర్నే అయిపోయా" అన్నాడు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్న నాన్న ఎవరినో బతిమాలుకుని ఆ రూటులో డ్యూటీ వేయించుకున్నాడు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. గేటు దగ్గర బస్సు ఆపి, బస్సులో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా, "మా అమ్మాయండీ! ఇంటర్వ్యూ!" అని అరిచాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను దిగి, వెనక్కి చూడకుండా నడిచాను. హారన్ రెండుసార్లు మోగింది.

రెండో అంతస్తు వరండాలో గోడవారన కుర్చీలు వేశారు. అప్పటికే కొందరు కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ మీద ఫైళ్ళు, పెదవుల మీద కదలికలు, అందరిదీ ఒకటే పరిస్థితి. వరండా చివర అమ్మ కొత్త నీలిరంగు యూనిఫాంలో నేల తుడుస్తోంది. ఒకరికొకరం తెలియనట్టే ఉండాలని ముందే అనుకున్నాం. నేను దగ్గరకి రాగానే కర్ర పక్కకి లాగి, "చూసి నడువు పాపా, తడిగా ఉంది" అంది. పరాయిపిల్లతో మాట్లాడినట్టే అంది. దాటి వచ్చి, చివర్నుంచి నాలుగో కుర్చీలో కూర్చున్నాను.

నా పక్కన ఒకమ్మాయి ఉంది. ఒళ్ళో నీలం సంచి పెట్టుకుని దాని పట్టీని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. "నాకు చేతులు చల్లబడిపోయాయి. నీకో?" అని అడిగింది. తన చెయ్యి నా చేతి మీద పెట్టింది. నిజంగానే మంచుముక్కలా ఉంది. "నా చెయ్యీ అంతే" అన్నాను. తను నవ్వింది. వాళ్ళూరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట.

పదింటికి స్టాంపు మేడం గదిలోంచి వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంది. నేను ఊహించుకున్నంత భయంకరంగా ఏమీ లేదు. చేతిలో జాబితా. మమ్మల్ని వేలితో లెక్కపెట్టింది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

"పదమూడు మందేంటి?" అంది.

ఆవిడ లోపలికి వెళ్ళి, పచ్చ చీటీ కట్టా, మార్కుల కాగితమూ పట్టుకొచ్చింది. "లోపల పెద్దవాళ్ళు మార్కులేసింది పన్నెండు దరఖాస్తులకి. పేర్లుండవు, కట్టలో ఉన్న వరసే. ఒకటి నుంచి పన్నెండు. పదమూడో ఉత్తరం ఎలా వెళ్ళింది?" అని తనలో తను గొణుక్కుంది. పక్కగదిలో టైపిస్టుని పిలిచింది. కట్టలో ఎన్ని ఫైళ్ళుంటే అన్ని ఉత్తరాలు కొట్టానన్నాడు అతను.

అమ్మ నా ఫైలు మధ్యలో దూర్చింది. అంటే నా తర్వాత ఉన్నవాళ్ళందరూ ఒక్కో అంకె కిందకి జరిగారు. చివరివాళ్ళు పన్నెండు లెక్కలోంచి బయటకి పడ్డారు.

స్టాంపు మేడం కట్ట అడుగున ఉన్న ఫైలు తీసి, దాని మీది ఫొటో చూసి, నీలం సంచి అమ్మాయి వైపు చూసింది.

"పన్నెండుతో అయిపోయింది. పదమూడోది నీదమ్మా. నీకు ఉత్తరం పొరపాటున వచ్చింది. నువ్వు వెళ్ళొచ్చు."

ఆ అమ్మాయికి ముందు అర్థం కాలేదు. "నాకు వచ్చిందండీ ఉత్తరం, ఇదిగోనండి" అని సంచిలోంచి తీసి చూపించింది. "నా పేరే ఉందండి."

"ఉందమ్మా, చెప్తున్నా కదా పొరపాటని. ఏం చెయ్యను చెప్పు?"

ఆవిడ గొంతులో కోపం లేదు. అమ్మాయి లేచి నిలబడింది. సంచి పట్టీ వేలికి చుట్టుకునే ఉంది, అది విప్పుకోలేక ఇబ్బంది పడుతోంది. నేను నా చెప్పుల వైపు చూస్తున్నాను. తను వెళ్ళిపోతే మేం పన్నెండు మందే ఉంటాం. లెక్క సరిపోతుంది. ఇంక ఎవరూ బీరువా తెరవరు. ఎవరూ ఏమీ అడగరు. ఆ ఆలోచనతో నా ఊపిరి తేలికపడింది. ఆ తేలికని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

వరండా చివర తుడుపు కర్ర చప్పుడు ఆగింది.

"మేడం గారూ" అంది అమ్మ. "ఆ పిల్లని పంపకండి. తప్పు నాది."

స్టాంపు మేడం తిరిగి చూసింది. "నీకేం సంబంధం?"

"బల్ల తుడుస్తుంటే కట్టలు కిందపడ్డాయండి. ఎత్తి పెట్టడంలో ఎర్ర చీటీదొకటి పచ్చ దాంట్లో కలిసిపోయి ఉంటుంది. చెబితే తిడతారని చెప్పలేదు."

"కలిసిపోయి ఉంటుందా? ఏ ఫైలు?"

"నాకేం తెలుసండీ, చదువు రానిదాన్ని."

"నెల రోజుల పని నాశనం చేసి ఇప్పుడా చెప్పేది? బుద్ధుందా నీకు? బల్ల తుడవమంటే కాగితాలు ముట్టుకోమన్నానా? ఎవరు పెట్టుకున్నారు నిన్ను పనిలో? పిలువు మీ సూపర్‌వైజర్ని!"

అమ్మ తల వంచుకుని నిలబడింది. కర్ర రెండు చేతులతోనూ పట్టుకుంది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా అమ్మనే చూస్తున్నారు, నీలం సంచి అమ్మాయి కూడా.

నేను లేచాను.

"ఆ ఫైలు నాదండి" అన్నాను. "ఆవిడ మా అమ్మ."

లోపల్నుంచి ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. తలుపు తీసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. సంఘం అధ్యక్షుడు. ఎప్పుడో అక్కడే చదువుకుని, వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు. ఆయన మొత్తం విన్నాడు. నా ఫైలు తెప్పించుకుని, నిలబడే పేజీలు తిప్పాడు.

"ఎర్ర చీటీ ఎందుకు పడిందో తెలుసా అమ్మాయీ?"

"తెలియదండి."

చివరి పేజీ నా వైపు తిప్పి చూపించాడు. అడుగున గీత మీద ఏమీ లేదు. దరఖాస్తుదారు సంతకం. అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నదాన్ని సంతకం మాత్రం పెన్నుతోనే పెట్టాలని చివరికి అట్టే పెట్టుకున్నాను. చివరికొచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయాను.

ఆయన జేబులో పెన్నుంది. నేను దాన్నే చూస్తున్నానని ఆయనకీ తెలిసింది.

"నీ వ్యాసం బాగుంది" అన్నాడు. "కానీ ఆ ఎర్ర కట్టలో నీలాంటి వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారమ్మా. వాళ్ళ అమ్మలెవరూ ఇక్కడ పనిచెయ్యరు."

నేను తలూపాను. ఆయన ఫైలు మూసి స్టాంపు మేడానికిచ్చాడు. ఆవిడ దాన్ని చంకలో పెట్టుకుని, అమ్మతో, ఈసారి మెల్లగా, "రేపట్నుంచి రావద్దు" అంది.

అమ్మ బకెట్‌లో నీళ్ళు పారబోసి, కర్ర కడిగి, గోడకి ఆనించి వచ్చింది. ఇద్దరం కలిసి మెట్లు దిగాం. ఇన్నేళ్ళు అమ్మ పనిచేసిన చోట మేమిద్దరం పక్కపక్కన నడవడం అదే మొదలు. ఏడవలేదు. ఎండ మండిపోతోంది. బస్సుకి ఎదురుచూడకుండా నడుచుకుంటూనే ఇంటికి వచ్చాం.

తర్వాత ఏమైందంటే, జులై పదిహేనున నా సీటు పోయింది. అమ్మకి నాలుగు నెలలు ఎక్కడా పని దొరకలేదు, తర్వాత ఒక క్లినిక్‌లో దొరికింది. నేను ఒక జిరాక్స్ షాపులో ఏడాది పనిచేశాను. మరుసటి వేసవి మళ్ళీ సీటు తెచ్చుకుని, అదే సంఘానికి మళ్ళీ దరఖాస్తు పెట్టాను. పిలిచారు. స్టాంపు మేడం నన్ను గుర్తుపట్టి కూడా గుర్తుపట్టనట్టే లోపలికి పంపింది. ఈసారి వచ్చింది. చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను. అయినా ఎక్కడైనా ఎవరైనా జాబితా తీసి పేర్లు చదువుతుంటే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి.

కానీ చెప్పాలనుకున్నది ఆ రోజు మధ్యాహ్నం సంగతి. నాన్న మామూలు కంటే ముందే వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం. గుమ్మంలోంచే, "ఏమన్నారు అమ్మడూ? వాళ్ళూ నాకంటే పెద్ద ఆఫీసర్లేనా..." అని ఏదో మొదలుపెట్టి, మా ఇద్దరి మొహాలు చూసి ఆపేశాడు. ఆ వేళప్పుడు అమ్మ యూనిఫాం విప్పేసి, మడతపెట్టి బల్ల మీద పెట్టుకుని కూర్చోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

అమ్మే చెప్పింది, మొదట్నుంచి. ఎర్ర కట్ట, పచ్చ కట్ట, గృహిణి, గరిటె జారిన రోజు, వరండా. ఏదీ దాచలేదు, దేనికీ సాకు చెప్పలేదు. నాన్న నిలబడే విన్నాడు. డిపోలో అందరికీ చెప్పుకున్న మనిషి. రేపు ఆ రూటులోనే బండి నడపాలి. ఆయన అరుస్తాడనుకున్నాను, లేదా అన్నిటికంటే ఘోరంగా ఏదో హాస్యమాడతాడనుకున్నాను. ఏ జోకూ రాలేదు. పొట్లం మీద ఆయన వేళ్ళు బిగుసుకోవడం చూశాను. ఆయన కూడా భయపడగలడని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఆ నీలం సంచి పిల్ల. ఆ పిల్లని లోపలికి పిలిచారా?"

"పిలిచారు" అంది అమ్మ. "మేం మెట్లు దిగుతుంటే పేరు వినపడింది."

నాన్న పొట్లం బల్ల మీద యూనిఫాం పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సరే. ఆకలేస్తోంది, ముగ్గురికీ వడ్డించు" అన్నాడు.